లెగో ఇటుకలతో మారుతి 800 కట్టడం ఎలా?

“కారు కట్టాను, బాగానే ఉంది, కానీ మారుతిలా లేదు. తప్పు ఎక్కడ జరిగింది?” ఒంగోలు నుంచి, కావలి నుంచి, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. దాంతో పాటు ఫొటో కూడా పంపుతారు. హెడ్‌లైట్లు, వైపర్లు, నంబరు ప్లేటు అన్నీ పొందికగా ఉంటాయి. బండి మాత్రం జీపులా వెడల్పుగానో, రేసు కారులా నేలను కరుచుకునో ఉంటుంది. మారుతి పోలిక చిల్లర సామగ్రిలో లేదు. సన్నటి టైర్లలో ఉంది, పొట్టి బానెట్‌లో ఉంది, వెడల్పూ ఎత్తూ దాదాపు సమానంగా ఉండే ఆకారంలో ఉంది. అందుకే ఇక్కడ కొలతలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. వైపర్ల సంగతి చివర్లో రెండు మాటల్లో చూద్దాం.

ఏ మారుతి అనేది ముందే తేల్చుకోండి. 1983 డిసెంబర్ 14న తొలి కారు కొనుగోలుదారుడి చేతికి వచ్చింది. ఆ ఆకారం 1986లో మారింది. మన వీధుల్లో ఎక్కువగా కనిపించింది, 2014 జనవరిలో తయారీ ఆగేదాకా నడిచింది ఆ రెండో ఆకారమే. కింది లెక్కలన్నీ దానివే. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోల్లో రెండూ కలిసి ఉంటాయి, కాబట్టి చూసుకుని ఎంచుకోండి.

ముందు లెక్క

అసలు కారు పొడవు 3335 మి.మీ., వెడల్పు 1440, ఎత్తు 1405. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 2175 మి.మీ. 145/70 ఆర్12 టైరు వ్యాసం సుమారు 508 మి.మీ.

లెగో వైపు మూడు అంకెలు గుర్తుంటే చాలు. ఒక స్టడ్ (ముక్క పైన ఉండే గుండ్రటి బొడిపె) నుంచి పక్క స్టడ్‌కు 8 మి.మీ., ఇటుక ఎత్తు 9.6, ప్లేటు అనే పలచటి ముక్క ఎత్తు 3.2. అంటే మూడు ప్లేట్లు కలిస్తే ఒక ఇటుక.

చాలామంది పొడవుతో మొదలుపెడతారు. మీరు చక్రంతో మొదలుపెట్టండి. ఇటుకలను ఎన్నైనా కలిపి కావలసిన పొడవు తెచ్చుకోవచ్చు గానీ, చక్రం మాత్రం దుకాణంలో దొరికిన సైజే. 24 మి.మీ. టైరు తీసుకుంటే అసలు కారులో 21వ వంతు వస్తుంది. ఇరుసుల మధ్య 13 స్టడ్‌లు, అంటే 104 మి.మీ. పెట్టినా అదే నిష్పత్తి. పొడవు 160 మి.మీ. దగ్గరకు వస్తుంది, అది సరిగ్గా 20 స్టడ్‌లు. ఈ కారుకు ఈ సైజు ఇంత చక్కగా కుదరడం మన అదృష్టం.

చిక్కంతా వెడల్పుతోనే. లెక్క ప్రకారం 69 మి.మీ. కావాలి. 8 స్టడ్‌లంటే 64, 9 అంటే 72. మీరు 8 తీసుకోండి. అయితే ఎత్తును లెక్క ప్రకారం 21 ప్లేట్లు ఉంచకుండా 20కి, అంటే 64 మి.మీ.కి తగ్గించండి. కంటికి తెలిసేది మిల్లీమీటర్లు కాదు, వెడల్పుకూ ఎత్తుకూ ఉన్న పొత్తు. అది నిలబడితే చాలు.

చేయి తిరిగినవాళ్లకు ఇంకో దారి ఉంది. నడిమి భాగం 7 స్టడ్‌లు కట్టి, రెండు పక్కలా ఒక ప్లేటు, దాని మీద ఒక టైలు (స్టడ్‌లు లేని నున్నటి ప్లేటు) అడ్డంగా తొడిగితే 68.8 మి.మీ. వస్తుంది. చాలా అందంగా ఉంటుంది. మొదటి కారుకు మాత్రం ఆ జోలికి పోవద్దు. బేసి వెడల్పులో అన్నీ మధ్యకు తేవడం తలనొప్పి.

కావలసినవి

- 24 మి.మీ. వ్యాసం, 8 మి.మీ. వెడల్పు ఉన్న టైర్లు, ఇరుసు దూరే చక్రాలు: నాలుగేసి
- 8 స్టడ్‌ల పొడవు ఇరుసులు రెండు (3707), సగం బుష్‌లు (ఇరుసుకు తొడిగే సన్నటి ఉంగరాలు) నాలుగు
- రంధ్రం ఉన్న 1×2 టెక్నిక్ ఇటుకలు నాలుగు (3700)
- నేలకు నల్ల ప్లేట్లు: 4×12, 4×8, కొన్ని 2×8, 2×6, 2×3
- గోడలకు తెలుపు లేదా ఎరుపు 1× ప్లేట్లు, అంటే ఒక స్టడ్ వెడల్పువి. వీటిలో 1×6లు తప్పనిసరి
- ముందు అద్దానికి నల్ల 2×2 వాలు ముక్కలు ఆరు (3039), శరీరం రంగులో 2×1 వాలు ముక్కలు నాలుగు (3040)
- వెనక అద్దానికి రెండు ఇటుకల ఎత్తున్న నల్ల వాలు ముక్కలు నాలుగు (3678)
- పక్క అద్దాలకు 1×2×2 పారదర్శక ప్యానెళ్లు ఎనిమిది (87552)
- పక్కన స్టడ్‌లున్న 1×2 ఇటుకలు నాలుగు (11211), బానెట్ అంచుకు చిన్న వాలు ముక్కలు నాలుగు (85984)
- పైకప్పుకు, బానెట్‌కు సరిపడా ప్లేట్లు, టైళ్లు
- స్కేలు, గ్రాఫ్ కాగితం, ముక్కలు విడదీసే పనిముట్టు

మొత్తం మూడు నాలుగు వందల ముక్కలు అవుతాయి. నంబర్లు చెప్పింది వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని. బ్రిక్‌లింక్ స్టూడియో అనే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాంలో ఈ నంబరు కొడితే ముక్క కనిపిస్తుంది, ఏయే రంగుల్లో ఉందో కూడా తెలుస్తుంది.

లెగో ఖరీదెక్కువ. అదే కొలతల్లో వచ్చే వేరే ఇటుకలు వాడినా తప్పు లేదు. కొనే ముందు ఒక పరీక్ష చేయండి. మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి నొక్కి, పక్కన ఒక ఇటుక ఆనించి, పై అంచుల మీదుగా గోరు లాగండి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే ఆ సంచి వదిలేయండి. ఆ సన్నటి మెట్టే ఏడెనిమిది వరుసలు పెరిగేసరికి పైకప్పు మూతపడకుండా చేస్తుంది. రెండు రకాల తెలుపులను కూడా ఒకే గోడలో కలపకండి. ట్యూబులైటు కింద ఒకేలా కనిపిస్తాయి గానీ పగటి వెలుగులో అతుకు బయటపడుతుంది.

కట్టే క్రమం

1. చిత్రం తీసుకోండి. కారును సరిగ్గా పక్క నుంచి తీసిన ఫొటో కావాలి. ఏటవాలుగా తీసింది పనికిరాదు. జిరాక్స్ షాపులో, “ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు 10.4 సెంటీమీటర్లు రావాలి” అని చెప్పి ప్రింటు తీయించండి. డబ్బులిచ్చే ముందే స్కేలు పెట్టి చూసుకోండి. ఇక ఆ కాగితం మీద ఎక్కడ స్కేలు పెట్టినా మీ నమూనా కొలతే వస్తుంది.

అసలు కారునే కొలవగలిగితే ఇంకా మంచిది. పాత మారుతులు డ్రైవింగ్ స్కూళ్లలో, మెకానిక్ షెడ్లలో ఇంకా కనిపిస్తాయి. యజమానిని అడిగి టేపు పట్టండి, ఎవరూ కాదనరు. మార్చుకోవడం తేలిక: అసలు కారులో 20 సెం.మీ. అంటే ఒక ఇటుక ఎత్తు, 6.7 సెం.మీ. అంటే ఒక ప్లేటు, అడ్డంగా 16.7 సెం.మీ. అంటే ఒక స్టడ్.

2. ఎత్తు పంచుకోండి. గ్రాఫ్ కాగితం మీద అసలు సైజులోనే గీయండి. 160 × 64 మి.మీ. ఒక్క కాగితంలో పడుతుంది. కింది నుంచి పైకి ఇలా: నేలకూ ఇరుసు ఇటుకకూ మధ్య ఖాళీ 2 ప్లేట్లు, ఇరుసు ఇటుక 3, కారు నేల 2, తలుపు 5, అద్దం 6, పైకప్పు 2. మొత్తం 20. పొడవున: బంపర్‌తో కలిపి బానెట్ 5 స్టడ్‌లు, ముందు అద్దం 2, పైకప్పు 12, వెనక అద్దం 1. మీ చిత్రంతో పోల్చి చూడండి. ఒక ప్లేటు అటూ ఇటూ జరపాలనిపిస్తే ఇప్పుడే జరపండి, ఇటుకలు పెట్టాక కాదు.

3. నేల. ముందుగా నల్ల 4×12, 4×8 ప్లేట్లు కొసా కొసా కలిపి 20 స్టడ్‌ల పొడవున వెన్నెముక వేయండి. ముందు నుంచి లెక్కపెడుతూ 3 నుంచి 6 దాకా, 16 నుంచి 19 దాకా నేల 4 స్టడ్‌ల వెడల్పులోనే ఆగాలి. అవి చక్రాల చోట్లు. మిగతా చోట్ల పక్కల్లో ప్లేట్లు చేర్చి 8కి పెంచండి. దాని మీద రెండో పొర అడ్డంగా వేయండి. తాపీమేస్త్రి గోడ కట్టేటప్పుడు అతుకు మీద అతుకు రానివ్వడు కదా, ఇక్కడా అంతే. మొదటి పొర అతుకులన్నీ రెండో పొర కింద మునగాలి. అన్నిటికన్నా ముందు వరుసలో మాత్రం రెండో పొరగా ప్లేటు బదులు నల్ల టైళ్లు వేయండి. ఎందుకో 7వ అంచెలో తెలుస్తుంది.

చక్రాల మధ్య ఉన్న 9 స్టడ్‌ల మేర, పక్క అంచుల కింద రెండేసి ప్లేట్లు వేలాడదీయండి. కొందరు ఇక్కడ పూర్తి ఇటుక పెడతారు. అప్పుడు కారు నేలకు దిగిపోయి మారుతి కళ పోతుంది.

4. చక్రాలు. రంధ్రం ఇటుకలను నేల కింద బిగించండి. ముందువి 4, 5 స్టడ్‌ల కింద, వెనకవి 17, 18 స్టడ్‌ల కింద. ఇరుసు దూర్చి, ఇటుకకూ చక్రానికీ మధ్య సగం బుష్ పెట్టండి. బుష్‌ను ఇటుకకు పూర్తిగా ఆనించి నొక్కితే ఇరుసు పట్టేస్తుంది. ఒక పోస్టుకార్డు మందం సందు వదలండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 24 మి.మీ. టైర్లలో 14 మి.మీ. వెడల్పువి సులువుగా దొరుకుతాయి, వాటినే వేసేస్తారు. అసలు టైరు వెడల్పు 145 మి.మీ.; మన సైజులో అది 7 మి.మీ. మాత్రమే. రెట్టింపు లావు టైరు వేశాక మీరు పైన ఏం కట్టినా మారుతి అనిపించదు. 8 మి.మీ. టైర్లు దొరికేదాకా ఆగమనే నా సలహా. ఈలోగా పైభాగం కట్టుకోవచ్చు.

ఇప్పుడే ఒకసారి సరిచూడండి. వంటింటి గ్రానైటు గట్టు మీద చాసీ పెట్టండి. చీమకుర్తి రాయి పరిచిన గట్టయితే దానికన్నా చదునైనది ఇంట్లో దొరకదు. ఒక్కో టైరు కిందికి మామూలు కాగితం ముక్క తోయండి. నాలుగు చోట్లా కాగితం టైరుకు తగిలి ఆగిపోవాలి. ఏదో ఒక చక్రం కిందికి జారిపోయిందంటే నేల మెలితిరిగింది. ఆ మూల ప్లేట్లు సగమే దిగి ఉంటాయి, గట్టిగా నొక్కండి.

5. మడ్‌గార్డులు, గోడలు. అంచుల వెంట రెండు వరుసల ప్లేట్లు పెట్టండి, చక్రాల పైన నాలుగేసి స్టడ్‌లు ఖాళీగా వదలండి. మూడో వరుసలో 1×6 ప్లేటు ఆ ఖాళీకి వంతెనలా పడుతుంది, చెరో పక్కా ఒక్కో స్టడ్ మీద కూర్చుంటుంది. ముందు చక్రం దగ్గర మాత్రం రెండో స్టడ్ చోటు 7వ అంచెలోని ఇటుకలకు కావాలి, కాబట్టి అక్కడ 1×6ను 3 నుంచి 8 దాకా పెట్టి, వెనక కొసను 7, 8 మీద కూర్చోబెట్టండి. దానిపై ఇంకో రెండు వరుసలు. తలుపు అయిదు ప్లేట్లూ వచ్చేశాయి. టైరు పైన నాలుగున్నర మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. ఎక్కువనిపిస్తే తగ్గించబోకండి, అసలు కారులోనూ ఆ సందు కనిపిస్తుంది.

తలుపుల గీతలు గీయాల్సిన పని లేదు. ప్లేట్ల కొసలు తలుపు అంచు దగ్గరే కలిసేలా చూసుకుంటే ఆ సన్నటి అతుకే గీతవుతుంది. అయితే అయిదు వరుసల్లోనూ అతుకు ఒకేచోట వస్తే గోడ విడిపోతుంది. రెండు వరుసల్లో మాత్రమే అలా పెట్టి, మిగతావి దాటించండి.

6. బానెట్. పెద్దగా చెప్పేదేమీ లేదు. గోడ ఎత్తుకు సమంగా ప్లేట్లు, పైన టైళ్లు. టైలు మందం కూడా ఆ అయిదు ప్లేట్లలోనే లెక్క అని మరవకండి.

7. ముఖం. పక్క స్టడ్‌ల ఇటుకలు నాలుగూ ముందు నుంచి రెండో వరుసలో, స్టడ్‌లు ముందుకు చూసేలా పెట్టండి. రెండు చివర్లా పారదర్శక 1×2 టైళ్లు హెడ్‌లైట్లు, మధ్యలో నల్ల టైళ్లు గ్రిల్లు. ఈ టైళ్లు 3.2 మి.మీ. ముందుకు పొడుచుకు వస్తాయి. మొదటి వరుసలో స్టడ్‌లుంటే తగులుకుంటాయి, అందుకే అక్కడ టైళ్లు వేయమన్నది. వాటి ముందు మిగిలే నల్ల అంచే బంపర్. దాని కింద ఇంకో నల్ల ప్లేటు తగిలిస్తే సరిపడా మందం వస్తుంది. ఇటుకల పైన చిన్న వాలు ముక్కలు పెడితే బానెట్ ముందుకు వాలుతుంది.

హెడ్‌లైటుకు గుండ్రటి ముక్క వాడకండి. ఈ కారుకు దీర్ఘచతురస్రమే. తర్వాతి రోజుల్లో మూలలు నునుపుదేరినా పూర్తి గుండ్రం ఎప్పుడూ కాలేదు.

8. అద్దాలు. ముందు అద్దానికి రెండు వరుసల వాలు ముక్కలు. ఒక్కో వరుసలో చివర్ల శరీరం రంగు 2×1 ముక్కలు, మధ్యలో మూడు నల్ల 2×2లు. కింది వరుస 6, 7 స్టడ్‌ల మీద, పై వరుస 7, 8 మీద. పై వరుస వెనక భాగం గాలిలో ఉంటుంది. దాని కింద రెండు చివర్లా 1×1 ఇటుక పెట్టి ఆసరా ఇవ్వండి. నల్ల రంగు అద్దంలా కనిపిస్తుందా అని సందేహపడేవాళ్లు రెండడుగుల దూరం నుంచి చూడండి. పారదర్శక వాలు ముక్కల్లో లోపలి గొట్టాలు కనబడి అసహ్యంగా ఉంటుంది, నల్లదే నయం.

పక్కల్లో 9 నుంచి 18 దాకా పది స్టడ్‌లు: రెండు ప్యానెళ్లు, 1×1 ఇటుకలతో ఒక స్తంభం, మళ్లీ రెండు ప్యానెళ్లు, ఇంకో స్తంభం. కిటికీ చట్రం ముక్కలు వాడితే స్తంభాలు లావెక్కి వ్యానులా కనిపిస్తుంది. వెనక పొడవాటి వాలు ముక్కలు 19, 20 మీద కూర్చుంటాయి.

9. పైకప్పు. మొదటి పొర ప్లేట్లు అడ్డంగా, ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా. రెండో పొర టైళ్లు నిలువుగా. నొక్కేటప్పుడు జాగ్రత్త: పైనుంచి బలంగా అదిమితే 1×1 స్తంభాలు పక్కకు ఒరుగుతాయి. ఒక చేతి వేళ్లు లోపలి నుంచి స్తంభానికి ఆనించి, రెండో చేత్తో ఒక్కో చోటే నొక్కండి.

10. చిల్లర పని. వైపర్లకు సన్నటి నల్ల కడ్డీ ముక్కలు, లేకపోతే వదిలేయండి. వెనక మూలల్లో ఎర్ర 1×1 ప్లేట్లు. నంబరు ప్లేటుకు 1×3 టైలు: కారు ముందు ప్లేటు 500 మి.మీ. పొడవు, మన సైజులో సరిగ్గా 24 మి.మీ. తెల్ల స్టిక్కరు మీద నల్ల అక్షరాలు ప్రింటు తీసి అతికించండి. నెల్లూరు బండి అయితే ఏపీ 26, ప్రకాశం అయితే ఏపీ 27. ఏపీ 39 మాత్రం వేయకండి, అది రాష్ట్రమంతటికీ 2019లో వచ్చిన వరుస, ఈ కారు అంతకు అయిదేళ్ల ముందే ఆగిపోయింది.

సరిగ్గా వచ్చిందా?

స్కేలుతో 160, 64, 64 వచ్చాయో లేదో చూడటం మొదటి పని. పొడవులో ఒక మిల్లీమీటరు పెరిగితే ఎక్కడో ముక్క పూర్తిగా దిగలేదు.

తర్వాత ఫొటో పరీక్ష. ఫోనును కారు ఎత్తులోనే పట్టుకుని, రెండు మీటర్ల వెనక్కి జరిగి, జూమ్ చేసి పక్క నుంచి తీయండి. దగ్గర నుంచి తీస్తే బానెట్ ఉబ్బి కనిపిస్తుంది, లేని తప్పు ఉన్నట్టు తోస్తుంది. ఆ ఫొటోను మొదటి అంచెలో తీయించిన ప్రింటు పక్కన పెట్టి మూడే చూడండి: చక్రాల మధ్య దూరం, అద్దం కింది అంచు ఎత్తు, బానెట్ పొడవు. మూడూ కలిస్తే మిగతా తేడాలు ఎవరూ పట్టుకోరు. కలవకపోతే, నాకు వచ్చే ఫొటోలను బట్టి చెబుతున్నాను, పదింట తొమ్మిది సార్లు అద్దమే పొట్టిగా ఉంటుంది. తలుపులో ఒక ప్లేటు తీసి అద్దం కింద చేర్చండి.

చివరగా, గట్టు మీద మెల్లగా ఒక తోపు తోయండి. తిన్నగా పోయి ఆగాలి. ఒక పక్కకు లాగితే ఆ వైపు బుష్ బిగుసుకుని ఉంటుంది.

ముక్కలు విడదీయడానికి పళ్లు వాడకండి. ప్లేటు అంచు మీద పడిన పంటి గాటు పోదు, పైకప్పు మీదైతే ఎండ పడినప్పుడల్లా కనిపిస్తుంది. పనిముట్టు లేకపోతే ఉదయగిరి చెక్క స్పూను పిడి చివర లాంటి పలచటి చెక్క సందులో దూర్చి లేపండి. ఇనుప చాకు వద్దు.

కడగాల్సి వస్తే నీళ్ల వేడి 40 డిగ్రీలు దాటకూడదు. వేడినీళ్లు ఎవరు వాడతారని అనుకోకండి, మే నెల మధ్యాహ్నం మన మేడ మీద ట్యాంకు నుంచి వచ్చేవి చేయి పెట్టనివ్వవు. తెల్లవారుజామున పట్టిన నీళ్లు వాడండి, నీడలో ఆరబెట్టండి. తెల్ల కారయితే పడమటి కిటికీ దగ్గర పెట్టవద్దు. ఎండ తగిలే వైపు పసుపురంగు తిరుగుతుంది, ఆ తర్వాత ఒక్క ముక్క మార్చినా కొత్తది అతుకులా కనిపిస్తుంది.